అమ్ముకునే హక్కు: ఇల్లు, కాగితం, మధ్యవర్తి

వాడ చరిత్ర – 12



పోయిన బుధవారం క్లాసు అయ్యాక డిగ్రీ రెండో ఏడు చదివే ఒక చెల్లెలు స్టాఫ్ రూం దాకా వచ్చి అడిగింది. "సార్, మా నాన్న ఇల్లు అమ్ముదామనుకుంటున్నాడు. బ్రోకర్‌కి చెబితే రెండు పర్సెంట్ ఇవ్వాలంట. మనమే అమ్ముకుంటే ఆ డబ్బు మిగులుద్ది కదా. ఏది మంచిది సార్?"

పాఠం గురించి అడిగితే వెంటనే చెప్పేవాణ్ణి. దీనికి "రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు. ఈ వారం భాగం ఆ అమ్మాయికి జవాబు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. బ్రోకర్‌కి ఇవ్వాలా వద్దా అనేది మిగతావాళ్లకి లెక్కల ప్రశ్న. మనకి అది చరిత్ర ప్రశ్న కూడా. ఇల్లు అమ్మాలంటే ముందు ఆ ఇల్లు మనదై ఉండాలి. అది ఎప్పుడు మనదైంది, ఏ కాగితం మీద అయింది అన్న దగ్గర్నుంచి మొదలెట్టాలి.

1. నాయన అమ్మిన మూడు సెంట్లు

2004లో నేను ఇంటర్ చదువుతున్నాను. అక్కకి నర్సింగ్‌లో సీటొచ్చింది. ఫీజు కట్టాలి. నాయన దగ్గర అమ్మడానికి ఉన్నది ఒక్కటే, కాలనీలో మూడు సెంట్ల స్థలం, అందులో ప్రభుత్వం కట్టించిన ఒంటిగది ఇల్లు. మేం అప్పటికి పల్లెలో తాత ఇంట్లోనే ఉంటున్నాం. కాలనీ ఇల్లు తాళం వేసి ఉండేది.

ఊళ్లో అమ్మకాలూ కొనుగోళ్లూ చూసే ఒక మధ్యవర్తి ఉండేవాడు. పేరు అనవసరం. నాయన అతని అరుగు దగ్గరికి వెళ్లి కింద నిలబడి చెప్పాడు. అతను పట్టా కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇది డి-ఫారం పట్టా రా. రిజిస్ట్రేషన్ కాదు. ఎవడూ కొనడు. నీ పిల్ల చదువు కోసం నేనే ఎవరినో ఒకర్ని బతిమాలి తెస్తాలే" అన్నాడు. పది రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. నలభై వేలు. మూడు విడతల్లో ఇచ్చారు. మూడు వేలు అతను పట్టుకున్నాడు. నాయన అతనికి దణ్ణం పెట్టి వచ్చాడు.

ఎనిమిది నెలల తర్వాత ఆ రోడ్డు వెడల్పు చేశారు. అప్పుడు తెలిసింది, మా స్థలం కొన్నది ఆ మధ్యవర్తి బావమరిదేనని. అక్కడ ఇప్పుడు రెండు షాపులున్నాయి. నాయన ఆ దారిన పోయినప్పుడల్లా తల అటు తిప్పేవాడు కాదు. మోసపోయానని ఒక్కసారి కూడా అనలేదు. "అక్క చదువు అయింది గదా" అనేవాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ మధ్యవర్తి అబద్ధం చెప్పలేదు. ఆ పట్టా నిజంగానే రిజిస్ట్రేషన్ కాదు. అతను చెప్పింది సగం నిజం. రెండో సగం నాయనకి తెలియదు. ఆ తెలియని సగమే అతని అసలు కమిషన్. మూడు వేలు కేవలం పైఖర్చు.

2. అమ్మడానికి ముందు ఉండాలి కదా

పీహెచ్‌డీ కోసం మన కథలూ నవలలూ చాలా చదివాను. వాటిలో గుడిసెలు తగలబడతాయి, తుఫానుకి ఎగిరిపోతాయి, దొర పీకేయిస్తాడు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవలకి మన వాడ పేరే 'మాలపల్లి' అని పేరైంది. కానీ ఇల్లు అమ్మకం చుట్టూ తిరిగే కథ నాకు దాదాపు తగల్లేదు. ఎందుకా అని చాలాకాలం అనుకున్నాను. జవాబు చిన్నది. అమ్మాలంటే హక్కు ఉండాలి. మన వాళ్లకి ఉన్నది ఉండటం మాత్రమే, అదీ ఉండనిచ్చినంత కాలం.

దీనికి రాతలో సాక్ష్యం ఉంది. 1891లో చెంగల్పట్టు జిల్లా కలెక్టర్‌గా పనిచేస్తున్న ట్రెమన్‌హీర్ అక్కడి పరయల స్థితి మీద ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి అది మన చరిత్ర కూడా. ఆయన గమనించిన వాటిలో ఇంటి స్థలం సంగతి ముఖ్యమైంది. పరయలు తరతరాలుగా కాపురముంటున్న స్థలం తమదేనని మిరాశీదార్లు అనేవాళ్లు. పనికి రానన్నవాణ్ణి గుడిసె ఖాళీ చెయ్యమనేవాళ్లు. అంటే గుడిసె కింద నేల చేతిలో ఉంటే మనిషి చేతిలో ఉన్నట్టే. కూలి ఎక్కువ అడగలేడు, ఊరు మారలేడు. ఇల్లు అతనికి ఆస్తి కాదు, కట్టుగొయ్య.

మిరాశీ పద్ధతి మన దగ్గర అదే రూపంలో లేకపోయినా లెక్క మాత్రం అదే. మా తాత చెప్పేవాడు: "ఎవరి కింద పాలేరో వాళ్ల గట్టు మీద గుడిసె. పాలేరుతనం మానితే వాసాలు పీక్కుని పోవాల." వాసాలూ తాటాకూ మనవి, నేల వాళ్లది. పీక్కుని పోగలిగిందే మన ఆస్తి.

1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చింది. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలని దానిలో 54వ సెక్షన్ చెప్పింది. 1908లో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులూ, దస్తావేజు లేఖరులూ, సాక్షి సంతకాలూ, ఈ లోకమంతా అలా పెరిగింది. ఊరికి ఒక కాగితాల చరిత్ర మొదలైంది. మన పల్లెకి మొదలవలేదు. ఊళ్లో పెంకుటిల్లు చేతులు మారితే పుస్తకంలోకి ఎక్కేది. పల్లెలో గుడిసె చేతులు మారితే పెద్దమనుషుల నోటి మాట మీదే నడిచేది.

3. ఇచ్చారు, అమ్మొద్దన్నారు

ట్రెమన్‌హీర్ నివేదిక తర్వాత 1892లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. తర్వాతి దశాబ్దాల్లో అణగారిన వర్గాలకి షరతులతో భూములిచ్చారు. తమిళనాట వాటిని పంచమి భూములంటారు. షరతు ఏమిటంటే మొదటి పదేళ్లు అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా అణగారిన వర్గాల వాళ్లకే అమ్మాలి. 1920లో మద్రాసులో లేబర్ కమిషనర్ అనే అధికారిని పెట్టారు. మన వాళ్లకి ఇంటి స్థలాలు సేకరించి ఇచ్చే పని ఆ శాఖ చేసింది. పాత వాళ్లు ఇప్పటికీ కొన్ని వాడల్ని "లేబరోళ్లు ఇచ్చిన స్థలం" అంటారంటే దాని వెనక కథ ఇది.

1950లో రాజ్యాంగం వచ్చింది. 19వ అధికరణంలో ఆస్తిని సంపాదించుకోవడం, ఉంచుకోవడం, అమ్ముకోవడం పౌరుల ప్రాథమిక హక్కు అని రాసుకున్నాం. 44వ సవరణతో 1979లో అది ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేశారు. ఆ మూడు మాటల్లో మూడోది మన దాకా ఎప్పుడూ పూర్తిగా రాలేదు.

ఎందుకంటే 1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. భూమిలేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన సాగుభూమి గానీ ఇంటి స్థలం గానీ ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు. అమ్మినా అమ్మనట్టే. రిజిస్ట్రార్ ఆ దస్తావేజు తీసుకోకూడదు. కొన్నవాడికి శిక్ష. కొన్నవాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకుని మూల పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించే అధికారం రెవెన్యూ వాళ్లకి ఉంది.

ఈ చట్టం మనకి వ్యతిరేకంగా వచ్చిందని తొందరపడి అనకండి. అది లేకపోతే ఇచ్చిన భూమి ఇచ్చిన ఏడాదే అప్పు కింద ఊళ్లోకి పోయేది. అది కంచె. కానీ కంచె వేసినవాళ్లు కాపలా పెట్టలేదు. పిల్ల పెళ్లికీ, ఆపరేషన్‌కీ, చదువుకీ డబ్బు కావాలి. బ్యాంకు ఆ పట్టా మీద అప్పివ్వదు. మిగిలింది అమ్మకమే. చట్టం అమ్మకాన్ని ఆపలేదు, చీకట్లోకి నెట్టింది. తెల్లకాగితం, నోటరీ అగ్రిమెంటు, జి.పి.ఏ., పాత తేదీల స్టాంపు కాగితం, ఇవన్నీ ఆ చీకటి సామగ్రి. చీకట్లో దారి తెలిసినవాడికి విలువ పెరుగుతుంది. వాడే మధ్యవర్తి.

'దళారి' మాట ఎక్కడిదో తెలుసా? అరబ్బీ 'దల్లాల్' నుంచి వచ్చింది. మూలార్థం దారి చూపేవాడు. మాటలో తప్పేమీ లేదు. దారి అందరికీ కనిపిస్తుంటే అతను తోడు వచ్చేవాడు, అంతే. దారి అతనొక్కడికే తెలిస్తే మాత్రం మన ఇంటికి అతనే సగం యజమాని.

రిజిస్ట్రేషన్ కాని వస్తువుకి ధర పడిపోతుంది. ఆ పడిపోయిన ధర ఎవరి మీద పడింది? అమ్మిన నాయన మీద. కొన్నవాడు కబ్జాలో కూర్చుని, ఇంటి పన్ను తన పేరుకి మార్పించుకుని, క్రమబద్ధీకరణ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడు. ఎదురుచూడగల ఓపిక డబ్బున్నవాడికి ఉంటుంది. 2004లో వేసిన కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. పేదల భూమి సమస్యల మీద మన రాష్ట్రంలో వచ్చిన ముఖ్యమైన పత్రాల్లో అదొకటి. అసైన్డ్ భూములు చేతులు మారిపోవడం అందులో పెద్ద చర్చ. భూమి ప్రశ్న మీద పనిచేసే విద్యార్థులు దాన్ని తప్పక చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణతో నిర్ణీత గడువు దాటిన అసైన్డ్ ఆస్తుల్ని మూల పట్టాదారులు అమ్ముకునే వీలు కల్పించారు. మంచిదే. అయితే ఒకటి చెప్పండి. తెల్లకాగితం మీద ఇరవై ఏళ్ల కింద అమ్మేసినవాడికి ఇప్పుడొచ్చిన హక్కు ఎవరి జేబులోకి పోతుంది? కాగితాల ప్రకారం మూల పట్టాదారు ఇంకా మా నాయనే. అందుకే ఈమధ్య పాత పట్టాదారుల ఇళ్ల చుట్టూ "ఒక్క సంతకం పెట్టండి, పదివేలిస్తాం" అని తిరిగేవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ సంతకం ఖరీదు పదివేలు కాదు. పెట్టేముందు ఆగండి.

4. పటం

ఇప్పటిదాకా కాగితం సరిగ్గా లేని ఇంటి కథ చెప్పాను. కాగితం నూరుపాళ్లు సరిగ్గా ఉంటే? అప్పుడు మనమూ అందరిలాంటి అమ్మకందారులమేనా?

నాకు ఉద్యోగం వచ్చాక టౌన్‌లో అమ్మానాయనల కోసం నూట ఇరవై గజాల్లో ఒక ఇల్లు కొన్నాం. రిజిస్టర్డ్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్, అన్నీ ఉన్నాయి. నాయన పోయాక 2021లో అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఇల్లు అమ్మకానికి పెట్టాం. నాయన అనుభవం ఉంది కదా, ఈసారి బ్రోకర్ వద్దనుకున్నాను. గేటుకి బోర్డు కట్టాను. ఫోన్లో స్టేటస్ పెట్టాను. తెలిసినవాళ్లందరికీ చెప్పాను.

రెండు నెలల్లో తొమ్మిది కుటుంబాలు వచ్చి చూశాయి. ముందు గదిలో గోడ మీద బాబాసాహెబ్ పటం. పక్కన నాయన ఫొటో. వచ్చినవాళ్లు కుళాయి తిప్పి చూస్తారు, వంటగది చూస్తారు, "వాస్తు బాగుందండీ" అంటారు. ముందు గదిలోకి తిరిగొచ్చాక కళ్లు ఒక్క క్షణం గోడ మీద ఆగుతాయి. "ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తాం" అని వెళ్లిపోతారు. ఒకాయన మాత్రం సూటిగా అడిగాడు, "చుట్టుపక్కల అంతా మీవాళ్లేనా?" అని. కాదన్నాను. "మరి అయితే ఇబ్బంది లేదు" అన్నాడు. ఆయనా ఫోన్ చెయ్యలేదు.

చివరికి ఒక బ్రోకర్‌ని పిలిచాను. మంచి మనిషి. అతనూ బీసీ కుటుంబం నుంచి వచ్చినవాడే, స్కూటర్ మీద తిరిగి బతికేవాడే. ఇల్లంతా చూసి, బయటికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "సార్, మీరేమీ అనుకోవద్దు. పార్టీలు వచ్చే రోజు ఆ పటం లోపల పెడితే రెండు లక్షలు ఎక్కువొస్తాయి."

ఆదివారం ఒక పార్టీ వస్తుందన్నాడు. శనివారం రాత్రి నేను పటం తీసి అలమరలో పెట్టాను. నలభై మందికి అంబేద్కర్ గురించి పాఠం చెప్పే లెక్చరర్‌ని, తీసి పెట్టాను. గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. ఆదివారం పొద్దున అమ్మ వచ్చి చూసింది. నన్నేమీ అడగలేదు. కుర్చీ వేసుకుని ఎక్కి పటం మళ్లీ తగిలించింది. "ఇల్లు అమ్ముడుపోకపోతే అద్దెకిద్దాం లే అయ్యా" అంది.

ఇది రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

బ్రోకర్ని తిట్టడం తేలిక. కానీ అతను అడిగింది అతని ప్రశ్న కాదు, కొనేవాడి ప్రశ్న. కొనేవాడు మొహమాటంతో నోరు విప్పి అడగలేనిది బ్రోకర్ నోట అడిగిస్తాడు. "ఏమిట్లండీ?" అనీ, "ఎవరివాళ్లు?" అనీ, "వెజిటేరియన్సేనా?" అనీ రకరకాలుగా అడుగుతారు. అద్దె ఇళ్ల విషయంలో ఇది పరిశోధనకి కూడా అందింది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల జరిపిన అధ్యయనం 2015లో వచ్చింది. ఇల్లు కావాలని అడిగినవాళ్లలో దళితులకీ ముస్లింలకీ ఇల్లు దొరికే అవకాశం మిగతావాళ్లకన్నా తక్కువని అది చూపించింది. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ ఇదే గోడ ఉంటుంది. రంగు మాత్రం వేరు.

5. అమెరికాలో ఇదే ప్రశ్న

ఈ మధ్యవర్తి పక్క వీధి మనిషి కాబట్టి ఇలా ఉన్నాడా, చదువుకున్న, లైసెన్సున్న, పెద్ద సంఘమున్న మధ్యవర్తి అయితే వేరుగా ఉంటాడా? దీనికి జవాబు అమెరికా నల్లజాతి చరిత్రలో ఉంది. మన వాళ్లు ఇప్పుడు అక్కడ ఇళ్లు కొంటున్నారు, అమ్ముతున్నారు. కాబట్టి ఇది దూరపు సంగతి కూడా కాదు.

అమెరికాలో ఇళ్ల ఏజెంట్ల జాతీయ సంఘం 1908లో షికాగోలో పుట్టింది. 1924లో ఆ సంఘం తన నైతిక నియమావళిలో ఒక నియమం రాసుకుంది. ఏ జాతివాళ్లు వస్తే ఒక పేటలో ఆస్తుల విలువ పడిపోతుందో వాళ్లని ఆ పేటలోకి తేవడానికి ఏజెంటు సాధనం కాకూడదు అని దాని సారాంశం. నైతిక నియమావళిలో! మన బ్రోకర్ గొంతు తగ్గించి చెప్పింది వాళ్లు అచ్చువేసుకున్నారు. జాతి ప్రస్తావన తీసెయ్యడానికి 1950 దాకా పట్టింది.

ఏజెంటు లేకుండా సొంతంగా అమ్ముకునే తెల్ల యజమాని అయినా నల్లవాళ్లకి ఇల్లు అమ్మేవాడా? దస్తావేజులోనే అడ్డం ఉండేది. ఈ ఇల్లు నల్లవాళ్లకి అమ్మరాదు అని ఒప్పందాలు రాసుకునేవాళ్లు. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందాల్ని కోర్టులు అమలు చెయ్యకూడదంది. అప్పుడు కొందరు ఏజెంట్లు ఇంకో ఆట మొదలెట్టారు. "మీ పేటలోకి నల్లవాళ్లు వస్తున్నారు" అని తెల్లవాళ్లని భయపెట్టి ఇళ్లు చవగ్గా కొని, అవే ఇళ్లు నల్లవాళ్లకి ఎక్కువ ధరకి అమ్మేవాళ్లు. వివక్ష రెండు వైపులా లాభమే.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపారు. ఏప్రిల్ 11న న్యాయమైన గృహవసతి చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్ష చట్టవిరుద్ధమైంది. ఆగిపోయిందా? 2019లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 'న్యూస్‌డే' పత్రిక మూడేళ్ల పరిశోధన అచ్చువేసింది. ఒకే ఆదాయం, ఒకే కోరికతో ఒక తెల్లవాణ్ణీ ఒక నల్లవాణ్ణీ అదే ఏజెంటు దగ్గరికి పంపి చూశారు. నల్లవాళ్ల విషయంలో 49 శాతం సార్లు తేడా చూపించినట్టు తేలింది. మరుసటి ఏడాది, 2020లో, ఏజెంట్ల జాతీయ సంఘం తన పాత విధానాలకి క్షమాపణ చెప్పింది.

అక్కడ కనీసం చట్టం ఉంది, పరీక్షించే పద్ధతి ఉంది, క్షమాపణ ఉంది. ఇళ్ల అమ్మకాల్లో కుల వివక్ష కోసమే రాసిన అలాంటి చట్టం మనకి లేదు. పైగా 2005లో అహ్మదాబాద్ జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే అని సొసైటీ పెట్టుకున్న నియమం చెల్లుతుందని మన సుప్రీంకోర్టు అంది. తన బంగళా స్థలం బయటివాళ్లకి అమ్ముకోవాలనుకున్న సభ్యుడు ఓడిపోయాడు. పార్సీలు చిన్న సమాజం, వాళ్ల వాదన వాళ్లకి ఉంది. కానీ అదే తాళంచెవి పెద్ద కులాల సొసైటీల చేతికి కూడా సరిపోతుంది.

6. మరి ఏది మంచిది?

చెల్లెమ్మా, ఇప్పుడు నీ ప్రశ్న.

మొదట మీ నాన్న దగ్గర ఉన్న కాగితం ఏదో చూడు. డి-ఫారం పట్టానా, రిజిస్టర్డ్ దస్తావేజా, నోటరీ కాగితమా? రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఆ ఆస్తి 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడొచ్చు. ఈసీ తీయించు. అసైన్డ్ స్థలమైతే బ్రోకర్ దగ్గరికీ వద్దు, సొంతంగానూ వద్దు. ముందు తహశీల్దార్ ఆఫీసులో ఇది అమ్ముకోవచ్చా అని అర్జీ రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి జవాబు జవాబు కాదు. జి.పి.ఏ., అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇస్తే అమ్మకం అయిపోయినట్టేనని ఎవరైనా అంటే నమ్మొద్దు. వాటితో యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రిజిస్టర్డ్ ఇల్లయితే, బ్రోకర్ చేసే పనులేమిటో విడివిడిగా లెక్క వేసుకోండి. కొనేవాళ్లని వెతకడం, ధర చెప్పడం, బేరం నడపడం, కాగితాలు నడపడం. చివరిదానికి బ్రోకర్ అక్కర్లేదు, దస్తావేజు లేఖరీ ఒక లాయరూ చాలు. ధర చెప్పడానికీ అక్కర్లేదు. అదే వీధిలో ఈమధ్య అమ్మిన రెండు మూడు ఇళ్ల వాళ్లని అడిగితే తెలుస్తుంది. ప్రభుత్వ విలువ ఒక్కటే చూస్తే మోసపోతారు, బయటి ధర దానికి దూరంగా ఉండొచ్చు. నిజంగా అతని అవసరం ఉన్నది మొదటిదానికి, కొంత మూడోదానికి. ముప్పై లక్షల ఇంటికి రెండు శాతమంటే అరవై వేలు. ఆరు నెలలు తిరిగి మంచి పార్టీని తెస్తే అది అతని కూలి. కూలి ఎగ్గొట్టాలని మనం చూడకూడదు. కూలి పేరుతో ఇల్లు పోకుండా మాత్రం చూసుకోవాలి.

దానికి పాత చట్టం ఒకటి మన పక్షాన ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం. మన తరఫున పనిచేసే ఏజెంటు మనకి చెప్పకుండా తనే, లేదా తనవాళ్ల పేరుతో, మన ఆస్తి కొంటే ఆ లావాదేవీని మనం కాదనొచ్చు. మన తరఫు పని చాటున తన సొంతానికి చేసుకున్న లాభాన్ని మనకి కక్కమని అడగొచ్చు. 215, 216 సెక్షన్లు. తప్పుడు పని చేసిన ఏజెంటుకి ఆ పనికి కమిషన్ అడిగే హక్కు లేదు. అది 220. నాయన అమ్మకమే చెల్లదు కాబట్టి ఆయనకి అక్కరకొచ్చేది 1977 చట్టం, ఈ సెక్షన్లు కాదు. రిజిస్టర్డ్ ఇల్లున్న మీకు మాత్రం ఇవి పనికొస్తాయి. అయితే ఏజెంటని రుజువు కావాలి. అందుకే కమిషన్ ఎంత, ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు, రెండో వైపు నుంచి కూడా తీసుకుంటున్నాడా అన్నది ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. రాయనన్నవాడితో పని వద్దు.

"నాకు రెరా రిజిస్ట్రేషన్ ఉంది" అని కొందరు కార్డు చూపిస్తారు. 2016 రెరా చట్టం ఏజెంట్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన మాట నిజమే. కానీ అది రెరాలో నమోదైన కొత్త ప్రాజెక్టుల్లో ప్లాట్లూ ఫ్లాట్లూ అమ్మేవాళ్లకి. మీ నాన్న పాత ఇల్లు దాని కిందికి రాదు. ఆ కార్డు చూసి ధైర్యపడొద్దు.

సొంతంగా అమ్మితే, వచ్చినవాళ్లందరికీ అసలు దస్తావేజు ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. బయానా బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం 2015 నుంచి ఒప్పుకోదు. పూర్తి డబ్బు చేతికి రాకుండా తాళం ఇవ్వొద్దు. బ్రోకర్‌కి ఇచ్చినా ఇవే నియమాలు.

ఇక కులం. దీనికి కాగితం లేదు. సొంతంగా అమ్మితే ఆ చూపు మనమే ఎదుర్కోవాలి. బ్రోకర్ని పెడితే ఆ చూపు మన దాకా రాదు, ధరలో తరుగుగా వస్తుంది. రెండూ ఖర్చులే. ఏది భరించగలరో మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అయితే ఒకటి. మన ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు, చర్చి బంధువులు, కాలనీ కమిటీలు, ఇవన్నీ కొనేవాళ్లని వెతికే వలలే. పై కులాలవాళ్లు తమ వలల్లో ఇళ్లు అమ్ముకుంటారు, బోర్డు కట్టే అవసరమే రాదు. మనం సంఘాన్ని సభలకే వాడుతున్నాం, బేరానికి కూడా వాడాలి.

మా ఇల్లు ఏడు నెలలకి అమ్ముడైంది. యూనియన్‌లో ఒక మిత్రుడు చెబితే ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం వచ్చింది. నేరుగానే మాట్లాడుకున్నాం. లాయర్ ఫీజు, లేఖరి ఖర్చు తప్ప కమిషన్ లేదు. బ్రోకర్ వస్తుందన్న ధరకన్నా లక్షన్నర తక్కువ వచ్చింది. గెలిచామా ఓడామా అంటే నాకు తెలియదు. తాళంచెవులు ఇచ్చిన రోజు అమ్మ పటం దించి, తుడిచి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. గోడ మీద ఆ తెల్ల మచ్చ వాళ్లకే వదిలేశాం.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ వారం ఒక పని చెయ్యండి. ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టె తెరిపించి మీ ఇంటి కాగితం చదవండి. ఎవరి పేరున ఉంది, ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరు, ఏం షరతు. అమ్మే ఆలోచన లేకపోయినా చదవండి. అమ్మాల్సిన రోజు వస్తే ఎవరో ఒకరు ఆ కాగితాన్ని మీకన్నా ముందు చదివి ఉంటారు. ఆ మనిషి మీరే అయ్యుండాలి.

వచ్చే ఆదివారం: వాడ శ్మశానం ఎవరి సర్వే నంబరులో ఉంది?

జై భీమ్.